స్ట్రీట్ ఫైటర్ 2 ఒరిజినల్ బోర్డు (సీపీఎస్-1): బొమ్మ బాగుంది, సౌండ్ అసలు లేదు

#1 పాతబోర్డు
బోర్డు స్ట్రీట్ ఫైటర్ 2, 1991 నాటి మొదటి వెర్షన్, ఒరిజినల్ సీపీఎస్-1 (క్యాప్‌కామ్ ఆర్కేడ్ బోర్డు). ఎ, బి, సి మూడు బోర్డులూ ఉన్నాయి. బూట్ అవుతోంది, బొమ్మలో గీత కూడా లేదు, స్టిక్కులు, బటన్లు అన్నీ పలుకుతున్నాయి. సౌండ్ మాత్రం సున్నా. వాల్యూమ్ మొత్తం తిప్పి స్పీకర్‌కి చెవి ఆనిస్తే సన్నగా ‘స్‌స్’ అని వస్తోంది, అంతే. స్పీకర్ 8 ఓమ్స్, వేరే బోర్డుతో మోగుతోంది. ఎస్ఎంపీఎస్ (పవర్ సప్లై) దగ్గర 5.02 వోల్టులు. చేతిలో మల్టీమీటర్, లాజిక్ ప్రోబ్, రెండు ఛానళ్ల స్కోప్, ఈప్రామ్ ప్రోగ్రామర్ (రోమ్ చిప్‌లు చదివి రాసే పరికరం) ఉన్నాయి. ఎక్కడ మొదలుపెట్టాలి?

#2 టంకంరాజు
కెపాసిటర్లు పోయి ఉంటాయి బ్రో. ముప్పై ఏళ్ల బోర్డు. ఎలక్ట్రోలైటిక్స్ అన్నీ పీకి కొత్తవి వేసెయ్, సగం జబ్బులు అక్కడే పోతాయి.

#3 వోల్టుమీటరు
రాజు గారూ, అలా కళ్లు మూసుకుని పీకితే ఉన్న జబ్బు పోకపోగా కొత్తవి పుడతాయి. ఇవి మల్టీలేయర్ బోర్డులు. గ్రౌండ్ కాలు దగ్గర వేడి సరిగా ఎక్కకుండానే లాగితే రంధ్రం లోపలి రాగి గొట్టం కాలుతోపాటు ఊడొస్తుంది. ఎక్కడ ఆగిపోయిందో తెలిశాకే ఐరన్ పట్టుకోవాలి. పైగా కెపాసిటర్ ఎండితే సౌండ్ తగ్గుతుంది, చిరుగుతుంది. మ్యూజిక్, గొంతులు రెండూ ఒకేసారి పూర్తిగా మాయమవడం దాని లక్షణం కాదు.

పాతబోర్డు గారూ, ముందు ఈ మూడు చూడండి.

జామా కనెక్టర్‌లో (క్యాబినెట్ తీగలు బోర్డుకి కలిసే చోటు) 6, ఎఫ్ పిన్నుల మీద 12 వోల్టులు ఉన్నాయా? సౌండ్ పవర్ యాంప్‌కి తిండి అదే. 12 లేకపోయినా గేమ్ హాయిగా నడుస్తుంది, గొంతు మాత్రం ఉండదు. వైరింగ్ మార్చిన క్యాబినెట్లలో ఈ ఒక్క తీగ తెగి ఉండటం చాలా మామూలు.

5 వోల్టులు ఎస్ఎంపీఎస్ దగ్గర కాదు, బోర్డు మీద కొలవండి. జెడ్80 చిప్ (సౌండ్ నడిపే ప్రాసెసర్) 11వ పిన్నుకీ 29వ పిన్నుకీ మధ్య. అక్కడ 4.9 పైన ఉండాలి.

స్పీకర్ తీగలు 10కి, ఎల్‌కి నేరుగా వెళ్లాలి. ఎల్‌ని గ్రౌండ్‌కి కలపొద్దు. కొన్ని బోర్డుల్లో యాంప్ బ్రిడ్జ్ తరహాది, మైనస్ తీగ మీద కూడా సిగ్నల్ ఉంటుంది. కలిపితే యాంప్ ఐసీ కాలిపోతుంది.

ఆ తర్వాత వాల్యూమ్ పాట్ మధ్య కాలిని సన్నటి స్క్రూడ్రైవర్ కొనతో తాకండి, వేలు లోహానికి తగలనివ్వండి. స్పీకర్‌లో ‘గుర్ర్’ మంటే పాట్ నుంచి స్పీకర్ దాకా అంతా బతికే ఉన్నట్టు. ఇది బోర్డు బల్ల మీద ఉన్నప్పుడే. క్యాబినెట్ లోపల, మానిటర్ ఛాసిస్ పక్కన చేయి పెట్టి చేసే పని కాదు.

#4 పాతబోర్డు
12 దగ్గర 11.9 ఉంది. జెడ్80 దగ్గర 5 బదులు 4.71! ఎడ్జ్ కనెక్టర్ వేళ్లు నల్లగా ఉన్నాయి. తెల్ల రబ్బరుతో రుద్ది ఐపీఏతో (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) తుడిచాను, 4.98కి వచ్చింది. సౌండ్ మాత్రం రాలేదు. పాట్ మధ్య కాలు తాకితే గట్టిగా గుర్రుమంటోంది.

#5 వోల్టుమీటరు
అయితే యాంప్ జోలికి వెళ్లక్కర్లేదు. జబ్బు పాట్‌కి ముందే ఉంది. (4.71తో బొమ్మ ఎలా వచ్చిందో ఆ బోర్డుకే తెలియాలి.)

డిప్ స్విచ్‌లు (బోర్డు మీద గేమ్ సెట్టింగులు మార్చే బుల్లి స్విచ్‌లు) చూశారా? సి బ్యాంకులో 6వది డెమో సౌండ్స్, 8వది టెస్ట్ మోడ్. డెమో సౌండ్ ఆపేసి ఉంటే కాయిన్ వేసేదాకా బోర్డు మూగగానే ఉంటుంది. టెస్ట్ మోడ్‌లోకి వెళ్లి సౌండ్ టెస్ట్‌లో మ్యూజిక్ నంబర్లు కొన్ని, గొంతు నంబర్లు కొన్ని మోగించి చూడండి.

#6 గుంటూరు_సర్క్యూట్
ఆ టెస్ట్ ఎందుకో కూడా చెప్తాను, లేకపోతే ఫలితం చూసి ఏం చేయాలో తోచదు.

ఈ బోర్డులో సౌండ్‌కి వేరే ప్రాసెసర్ ఉంది. 3.58 మెగాహెర్ట్జ్ జెడ్80. దాని కింద ఇద్దరు పనివాళ్లు. మ్యూజిక్‌కి యమహా వైఎం2151, దాని అంకెలని శబ్దపు అలగా మార్చడానికి వైఎం3012. దెబ్బలు, అరుపులు, ‘హడోకెన్’ లాంటి గొంతులకి ఓకీ ఎంఎస్ఎం6295. రెండూ అనలాగ్ మిక్సర్‌లో కలిసి పాట్ దాకా వస్తాయి.

మ్యూజిక్ ఉండి గొంతులు లేకపోతే 6295, దాని శాంపిల్ రోమ్‌లు (బి బోర్డు మీద 18, 19 లేబుళ్లవి). గొంతులు ఉండి మ్యూజిక్ లేకపోతే 2151, 3012, వాటి వెనక ఆప్ యాంప్. రెండూ లేకపోతే రెండింటికీ ఉమ్మడిగా ఉన్నవి: జెడ్80, దాని ప్రోగ్రాం రోమ్ (09 లేబుల్), దాని ర్యామ్, లేదా మిక్సర్.

మెయిన్ ప్రాసెసర్ 68000, జెడ్80కి ఒక లాచ్ (విలువని పట్టి ఉంచే చిప్) ద్వారా ‘ఫలానా నంబరు మోగించు’ అని చెప్పి తన దారిన తాను పోతుంది, జవాబు కోసం ఆగదు. అందుకే జెడ్80 చచ్చిపడి ఉన్నా గేమ్‌కి ఆ సంగతి తెలియదు.

#7 పాతబోర్డు
డెమో సౌండ్ ఆన్‌లోనే ఉంది. సౌండ్ టెస్ట్‌లో ఏ నంబరు కొట్టినా నిశ్శబ్దమే.

జెడ్80 మీద ప్రోబ్ పెట్టాను: 6 (క్లాక్) పల్స్, 26 (రీసెట్) హై, 27 (ఎం1) పల్స్, 19 (ఎంరెక్) పల్స్, 18 (హాల్ట్) హై, 16 (ఇంట్) ఎప్పుడూ హైలోనే. అడ్రస్, డేటా లైన్లన్నీ కొట్టుకుంటున్నాయి. అంటే జెడ్80 బాగానే నడుస్తున్నట్టే కదా?

#8 టంకంరాజు
జెడ్80 ఓకే అయితే వైఎం2151 పోయినట్టే. ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, మార్చి చూడు.

#9 గుంటూరు_సర్క్యూట్
ఆగండాగండి. పల్స్ కనిపించినంత మాత్రాన ప్రోగ్రాం నడుస్తున్నట్టు కాదు.

జెడ్80 రోమ్ చదవబోతే డేటా బస్సు (డేటా వెళ్లే ఎనిమిది తీగలు) గాల్లో ఉందనుకోండి. ఎనిమిది లైన్లూ హైగా కనిపిస్తాయి, అంటే 255. జెడ్80 భాషలో 255 అంటే ‘ఆర్ఎస్‌టీ 38’: తిరిగి రావాల్సిన అడ్రస్‌ని స్టాక్‌లో (ర్యామ్‌లో అడ్రస్‌లు దాచే చోటు) దాచి, హెక్స్ (16 ఆధారపు అంకెలు) 38కి దూకు అని. అక్కడా 255 ఉంటే మళ్లీ అదే. ప్రతి దూకుకీ స్టాక్ రెండు బైట్లు కిందికి జరుగుతుంది. అలా 64 కేబీ అంతా పాకుతూ రాస్తూ పోతుంది. రైట్ పిన్ను కొట్టుకుంటుంది, ఎం1 కొట్టుకుంటుంది, పై అడ్రస్ లైన్లు కూడా నెమ్మదిగా మారతాయి. ప్రోబ్‌తో చూస్తే దివ్యంగా ఉంటుంది, లోపల మాత్రం గానుగెద్దు తిరుగుడు.

మీరు రాసిన వాటిలో అసలు సంగతి 16వ పిన్ను. ఈ బోర్డులో ఇంటరప్ట్ వచ్చేది వైఎం2151 టైమర్ నుంచి (దాని 2వ పిన్ను). సౌండ్ ప్రోగ్రాం సక్రమంగా మొదలైతే ముందు ఆ టైమర్‌ని తిప్పుతుంది, ఆ పల్సుల మీదే పాట తాళం నడుస్తుంది. అది ఎప్పుడూ హైలోనే ఉందంటే ప్రోగ్రాం అక్కడిదాకా పోలేదు, లేదా 2151 నిజంగానే పోయింది. రాజు గారి మాట కొట్టిపారేయను. కానీ 2151ని పీకడం ఆఖరి పని, 09 రోమ్ చదవడం అయిదు నిమిషాల పని.

#10 పాతబోర్డు
09 రోమ్ తీసి చదివాను. 27సి512, 64 కేబీ. మూడుసార్లు చదివితే మూడుసార్లూ ఒకే చెక్‌సమ్, మేమ్ (ఆర్కేడ్ గేముల ఎమ్యులేటర్) జాబితాలోని సీఆర్‌సీతో (సరిచూసే సంఖ్య) సరిపోయింది. కాళ్లు తుడిచి మళ్లీ సాకెట్‌లో పెట్టాను. మూడు బోర్డుల మధ్య కనెక్టర్లు కూడా ఊడదీసి, క్లీన్ చేసి బిగించాను. మార్పు లేదు.

#11 వోల్టుమీటరు
కనెక్టర్లు చూడటం మంచిపని. సౌండ్ జెడ్80 ఎ బోర్డు మీద, దాని రోమ్ బి బోర్డు మీద ఉంటాయి కాబట్టి మధ్యలో ఒక్క పిన్ను పట్టు తప్పినా ఇదే జబ్బు.

#12 గుంటూరు_సర్క్యూట్
ఇప్పుడు ఊహలు వద్దు, జెడ్80నే అడుగుదాం. ఖాళీ 27సి512 ఒకటి తీసుకోండి.

మొదటి పరీక్ష: మొదటి బైట్ హెక్స్ 76, మిగతాదంతా ఖాళీ. 76 అంటే హాల్ట్. దీన్ని 09 స్థానంలో పెట్టి పవర్ ఇస్తే జెడ్80 18వ పిన్ను లో అయిపోవాలి. అయితే క్లాక్, రీసెట్, రోమ్ సెలెక్ట్, డేటా దారి అన్నీ పనిచేస్తున్నట్టు. కాకపోతే రోమ్ దారిలోనే వెతకాలి: రోమ్ 20, 22 పిన్నుల మీద సెలెక్ట్ పల్సులు, డేటా లైన్ల కంటిన్యుటీ.

రెండో పరీక్ష ర్యామ్‌కి. ఈ బోర్డులో సౌండ్ ర్యామ్ హెక్స్ డి000 నుంచి డి7ఎఫ్ఎఫ్ దాకా, 2 కేబీ. 27 బైట్ల ప్రోగ్రాం, హెక్స్‌లో వరుసగా కొట్టండి:

ఎఫ్3
21 00 డి0
36 55
7ఇ
ఎఫ్ఇ 55
20 0ఎఫ్
36 ఎఎ
7ఇ
ఎఫ్ఇ ఎఎ
20 08
23
7సి
ఎఫ్ఇ డి8
20 ఇసి
18 ఇ7
76

ప్రతి గదిలో 55 రాసి చదువుతుంది, తర్వాత ఎఎ రాసి చదువుతుంది. తేడా వస్తే చివరి 76కి దూకి ఆగిపోతుంది. అంతా సరిగా ఉంటే మళ్లీ మొదటికి వచ్చి తిరుగుతూనే ఉంటుంది. ఒక చుట్టుకి 52 మిల్లీసెకన్లు పడుతుంది. ఎక్కడా స్టాక్ వాడలేదు, కాబట్టి ర్యామ్ పూర్తిగా చచ్చినా ఈ ప్రోగ్రాం నడుస్తుంది.

చూడాల్సింది 18వ పిన్ను ఒక్కటే. ఎం1 చూసి మోసపోవద్దు, హాల్ట్‌లో కూడా ఎం1 కొట్టుకుంటూనే ఉంటుంది.

#13 వోల్టుమీటరు
మంచి పరీక్ష, కానీ ఒక హద్దు ఉంది. రాసిన వెంటనే అదే గదిని చదువుతుంది కాబట్టి ర్యామ్ అడ్రస్ లైన్ తెగి రెండు గదులు ఒకటైపోతే ఇది పట్టుకోదు. దానికి ముందు అన్ని గదుల్లో వేర్వేరు విలువలు నింపి, తర్వాత మొదటి నుంచి చదవాలి. దీంట్లో పాస్ అయితే అది చేద్దాం.

#14 కోఠి_కెపాసిటర్
ఇంకో అనుమానం అన్నా. ర్యామ్ సాకెట్ ఖాళీగా ఉన్నా బస్సు మీద 55 కాసేపు నిలిచి ఉండి ‘పాస్’ అనిపించదా?

#15 గుంటూరు_సర్క్యూట్
రాయడానికీ చదవడానికీ మధ్యలో జెడ్80 రోమ్ నుంచి 7ఇ అనే ఆదేశం తెచ్చుకుంటుంది కదా, బస్సు మీది పాత 55 అక్కడే చెరిగిపోతుంది. ఖాళీ సాకెట్ అయితే కచ్చితంగా ఫెయిల్ చూపిస్తుంది.

#16 పాతబోర్డు
మొదటి పరీక్ష: 18వ పిన్ను వెంటనే లో. రోమ్ దారి బాగుంది.
రెండో పరీక్ష: ఇదీ వెంటనే లో. రెండుమూడు సార్లు పవర్ ఆపి ఇచ్చినా అంతే.

#17 గుంటూరు_సర్క్యూట్
అయితే ర్యామ్, లేదా దాని సెలెక్ట్ దారి. ఇంకో చిన్నది కొట్టండి: ఎఫ్3, 21 00 డి0, 36 ఎఫ్ఎఫ్, 7ఇ, 18 ఎఫ్‌బి. మొదటి గదిలో అన్నీ ఒకట్లు రాసి చదువుతూ తిరుగుతుంది. స్కోప్ మొదటి ఛానల్ ర్యామ్ 20వ పిన్ను (ఓఈ, అంటే చదివే సంకేతం) మీద పెట్టి పడే అంచుకి ట్రిగ్గర్ చేయండి, రెండో ఛానల్‌తో డేటా పిన్నులు ఒక్కొక్కటీ చూడండి. 6116 తరహా 24 కాళ్ల చిప్ అయితే డేటా 9, 10, 11, 13 నుంచి 17 దాకా. సెలెక్ట్ 18, రైట్ 21. చిప్ మీద అచ్చైన నంబరుతో ఒకసారి సరిచూసుకోండి. ఓఈ గ్రౌండ్‌కి కట్టేసి ఉంటే 18 మీద ట్రిగ్గర్ చేయండి.

#18 పాతబోర్డు
18, 20, 21 మీద పల్సులు శుభ్రంగా ఉన్నాయి. చదివే సమయంలో ఏడు డేటా పిన్నులు 3.5 వోల్టుల పైనే. 15వ పిన్ను (డి5) మాత్రం 0.3 దగ్గరే కూర్చుంది, రాసేటప్పుడు మాత్రం పైకి లేస్తోంది.

#19 వోల్టుమీటరు
దొరికింది. రాసేటప్పుడు లేస్తోందంటే లైన్ గ్రౌండ్‌కి షార్ట్ కాలేదు. జెడ్80 దాన్ని లేపగలుగుతోంది, ర్యామ్ తన వంతు వచ్చినప్పుడు కిందికి లాగుతోంది. ర్యామ్‌లో ఆ బిట్ పోయింది. ఇలాంటి ర్యామ్‌తో ఏదో ఒక సబ్‌రూటీన్ నుంచి తిరిగొచ్చేటప్పుడు అడ్రస్ తప్పుతుంది, ప్రోగ్రాం అడవిలో పడుతుంది. 2151 టైమర్ దాకా ఎందుకు రాలేదో అర్థమైంది కదా.

తీయడం గురించి. చిప్‌ని బతికించాలని చూడకండి. సన్నటి కటర్‌తో కాళ్లన్నీ చిప్ ఒంటి దగ్గరే కత్తిరించి ఒంటిని ముందు తీసేయండి. ప్రతి కాలికీ కొద్దిగా కొత్త 63/37 సీసపు సోల్డర్ పెట్టి, 350 డిగ్రీల ఐరన్‌తో కరిగించి, ట్వీజర్‌తో ఒక్కొక్కటే లాగండి. బలం వాడొద్దు. కరిగితే దానంతట అదే వస్తుంది. 12 (గ్రౌండ్), 24 (5 వోల్టులు) వేడిని మింగేస్తాయి, వాటిని చివరికి ఉంచుకుని వెడల్పు బిట్ వాడండి. తర్వాత పంపుతో రంధ్రాలు ఖాళీ చేసి టర్న్‌డ్ పిన్ సాకెట్ వేయండి. 24 కాళ్లలో వెడల్పువీ సన్నవీ రెండు రకాలు ఉన్నాయి, కొనేముందు కాళ్ల వరుసల మధ్య దూరం కొలవండి: 15.2 మిల్లీమీటర్లా, 7.6నా.

#20 కోఠి_కెపాసిటర్
6116 హైదరాబాద్‌లో అయితే కోఠి వైపు వెతికితే పాత బోర్డుల నుంచి ఊడదీసినవి దొరుకుతాయి. రెండు మూడు తెచ్చుకోండి. పైన అచ్చు మరీ కొత్తగా మెరుస్తుంటే అసిటోన్‌తో తుడిచి చూడండి, చెరిగితే మళ్లీ అచ్చు వేసిందని అర్థం. ప్రోగ్రామర్‌లో స్టాటిక్ ర్యామ్ టెస్ట్ ఉంటే పెట్టేముందే పరీక్షించుకోవచ్చు.

#21 పాతబోర్డు
సాకెట్ వేసి కొత్త ర్యామ్ పెట్టాను. 27 బైట్ల పరీక్షలో 18వ పిన్ను పది నిమిషాలు హైలోనే ఉంది. ఒరిజినల్ 09 పెట్టగానే మ్యూజిక్ వచ్చింది! ఇంట్ పిన్ను కూడా పల్స్ చేస్తోంది.

కానీ గొంతులు, దెబ్బలు చాలా చిన్నగా, చిరిగినట్టు వస్తున్నాయి. మ్యూజిక్ గట్టిగా, శుభ్రంగా ఉంది.

#22 టంకంరాజు
ఇప్పుడైనా కెపాసిటర్ అంటారా లేదా? 😄

#23 వోల్టుమీటరు
ఈసారి మీదే గెలుపు కావొచ్చు రాజు గారూ. అయినా ఏది అనేది తేల్చాకే.

ముందు ఒక ప్రశ్న. గొంతు వేగం మామూలుగానే ఉందా, బరువుగా, సాగదీసినట్టు ఉందా? 6295కి 1 మెగాహెర్ట్జ్ క్లాక్ వస్తుంది. 7వ పిన్ను హై అయితే 132తో భాగించి 7,576 హెర్ట్జ్‌లో, లో అయితే 165తో భాగించి 6,061 హెర్ట్జ్‌లో శాంపిల్స్ చదువుతుంది. ఇక్కడ హై ఉండాలి. లో అయితే ర్యూ గొంతు ఐదో వంతు నెమ్మదించి రాక్షసుడిలా వినిపిస్తుంది.

వేగం సరిగా ఉంటే సిగ్నల్ ట్రేసర్‌తో వెళ్లండి. ఏదైనా చిన్న యాంప్ స్పీకర్, దాని ఇన్‌పుట్‌కి వరుసలో 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్, గ్రౌండ్ తీగ బోర్డు గ్రౌండ్‌కి. సౌండ్ టెస్ట్‌లో ఒకే గొంతు మళ్లీ మళ్లీ మోగిస్తూ 6295 అవుట్‌పుట్ నుంచి పాట్ వైపు ఒక్కో అడుగూ వినండి. ఎలక్ట్రోలైటిక్‌కి ఒక పక్క గట్టిగా, ఇంకో పక్క నీరసంగా వినిపిస్తే అదే.

#24 పాతబోర్డు
వేగం మామూలే, 7వ పిన్ను హై. 6295 దగ్గర గొంతు గట్టిగా, స్పష్టంగా ఉంది. మిక్సర్‌కి ముందున్న 10 మైక్రోఫారడ్ కెపాసిటర్ అవతలి పక్క సన్నబడిపోయింది. తీసి కొలిస్తే 0.4 మైక్రోఫారడ్. దాని కాలి దగ్గర బోర్డు మీద గోధుమరంగు మరక కూడా ఉంది.

#25 వోల్టుమీటరు
10 మైక్రోఫారడ్, 25 వోల్టులు, 105 డిగ్రీల రకం వేయండి. మరకని ముందు కొద్దిగా వెనిగర్ పట్టించిన దూదితో, తర్వాత ఐపీఏతో తుడవండి. కెపాసిటర్ నుంచి కారిన ద్రవం రాగిని తింటూనే ఉంటుంది. పోలారిటీ బోర్డు మీది గుర్తు చూసి పెట్టండి, రిపేరు షాపుల్లో ఎవరో తిప్పి వేసిన కెపాసిటర్‌ని చూసి కాపీ కొట్టకండి. పక్కనున్న అదే వయసు వాటిని కొలిచి, సగానికి పడినవి మాత్రమే మార్చండి.

#26 పాతబోర్డు
అది మార్చాను, పక్కన 4.1 చూపించిన ఇంకో 10 కూడా మార్చాను. గొంతులు, దెబ్బలు, మ్యూజిక్ అన్నీ సమానంగా వస్తున్నాయి. రెండు గంటలు డెమోలో నడిపాను, ఆగలేదు.

#27 కోఠి_కెపాసిటర్
ఇదే దారం కాబట్టి అడుగుతున్నా. ముస్తఫా గేమ్ (కాడిలాక్స్ అండ్ డైనోసార్స్) ఒరిజినల్ బోర్డు. బొమ్మ ఉంది, సౌండ్ లేదు. ఇదే 27 బైట్ల పరీక్ష దానికీ పనికొస్తుందా?

#28 గుంటూరు_సర్క్యూట్
రాదు తమ్ముడూ. అది క్యూసౌండ్ (వేరే రకం సౌండ్ వ్యవస్థ) బోర్డు. అందులో సౌండ్ ప్రాసెసర్ మామూలు జెడ్80 కాదు, ‘కబుకి’ అనే గుప్తభాష జెడ్80. రోమ్‌లోని ప్రోగ్రాం కలగాపులగం చేసి (ఎన్‌క్రిప్ట్ చేసి) ఉంటుంది, విడదీసే తాళంచెవి కబుకి లోపల బ్యాటరీ మీద నిలిచి ఉంటుంది. నువ్వు మామూలు కోడ్ రాసి పెడితే అది దాన్ని కూడా విడదీయబోయి చెత్త చేస్తుంది.

ముందు ఆ బోర్డు మీద లిథియం బ్యాటరీని మల్టీమీటర్‌తో కొలువు. బొమ్మకి సంబంధించిన సి బోర్డు బ్యాటరీ వేరు, సౌండ్‌ది వేరు. బొమ్మ వస్తోంది కాబట్టి మొదటిది బతికే ఉంది. రెండోది పోయి ఉంటే రెండు దారులు: తాళంచెవిని తిరిగి కబుకిలోకి రాయడం, లేదా మామూలు జెడ్80 పెట్టి విడదీసిన రోమ్ వేయడం. కబుకి ఆదేశాలని ఒకలా, డేటాని ఇంకోలా విడదీస్తుంది. అందుకే రెండో దారిలో రోమ్ రెండింతలు కావాలి, ఏ సగం చదవాలో ఎం1 పిన్నుతో ఎంచుకోవాలి.

బ్యాటరీ ఇంకా మూడు వోల్టుల పైన చూపిస్తే మాత్రం ముట్టుకోకు. వోల్టు, ఫొటోలు పెట్టి కొత్త దారం తెరువు, అక్కడ చూద్దాం.